సీసాల చప్పుడు చేసే బస్సు కోసం

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నా లెక్కల పుస్తకానికి సోవియట్ పత్రిక కాగితంతో అట్ట వేసుకున్నాను. ఆ రోజుల్లో మా బడిలో సగం పుస్తకాలకు అవే అట్టలు. కాగితం నున్నగా ఉండేది, తడిసినా తొందరగా చిరిగేది కాదు. నా అట్ట మీద మంచులో నిలబడిన పసుపు బస్సు ఒకటి ఉండేది. ఏడాదంతా లెక్కలకంటే దాన్నే ఎక్కువ చూశాను. తరవాత ఆర్టీసీ గ్యారేజీలో శ్రామిక్‌గా చేరాను, మెకానిక్కునయ్యాను, 35 ఏళ్ళకు పైగా బస్సుల కింద పడుకుని లేచాను. పదవీ విరమణ చేశాక కూడా ఆ పసుపు బస్సు మనసులోంచి పోలేదు.

మా తమ్ముడి కొడుకు మాస్కోలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. "ఒకసారి రా పెదనాన్నా" అని రెండేళ్ళుగా పిలుస్తున్నాడు. ఈ సెప్టెంబర్‌లో వెళ్ళాను. అందరూ ఎర్ర కూడలి, క్రెమ్లిన్ చూపించమంటారు. నేను ఆ పసుపు బస్సు, లియాజ్-677, చూపించమన్నాను. వాడు ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నాన్న ముందే చెప్పాడు, నువ్వు ఇలాంటిదేదో అడుగుతావని" అన్నాడు.

ఇంటికి వచ్చి వారమే అయింది. మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

సెప్టెంబర్ 9, మంగళవారం – మాస్కో

ఇక్కడ మన బ్యాంకు కార్డులు పనిచేయవు. 2022 నుంచి ఇంతేనట. అందుకని నగదు తెచ్చుకున్నాను. రూబులు విలువ, రూపాయి విలువ ఇప్పుడు దాదాపు ఒకటే. లెక్క సులువు, ఖర్చు మాత్రం సులువు కాదు.

ఉదయం ఎక్కిన మొదటి బస్సే కరెంటు బస్సు. నీలం రంగుది, చప్పుడు లేదు. మాస్కోలో ఇవి 2018 సెప్టెంబర్‌లో మొదలయ్యాయి. చివరి స్టాపులో స్తంభం కింద ఆగితే బస్సు నెత్తి మీదనుంచి ఒక చేయి పైకి లేచి స్తంభాన్ని పట్టుకుని చార్జి చేసుకుంటుంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మావాడు నా మోచేయి పట్టి లాగాడు. కింద ఏముందో వంగి చూడబోయాను, అది మాత్రం పడనివ్వలేదు. బస్సు మీద పేరు చదివి చెప్పమంటే "లియాజ్" అన్నాడు. నేను వెతుక్కుంటూ వచ్చిన బస్సుకు మనవరాలన్నమాట. అదే ఊరు, అదే కర్మాగారం.

కండక్టరు లేడు. ఎక్కి కార్డు చూపడమే. సోవియట్ కాలంలో కూడా చాలా ఏళ్ళు కండక్టర్లు లేరట, కార్డులూ లేవు. బస్సులో ఒక డబ్బా ఉండేది. అందులో అయిదు కోపెక్కులు (మన పైసల్లాంటివి, వంద కలిస్తే ఒక రూబులు) వేసి, పక్కనున్న చుట్టలోంచి టికెట్టు నువ్వే చింపుకోవాలి. బస్సుకు అయిదు, ట్రాలీబస్సుకు నాలుగు, ట్రాముకు మూడు. దశాబ్దాల పాటు అవే ధరలు. డబ్బా దూరంగా ఉంటే నాణెం చేతులు మారుతూ వెళ్ళేది, టికెట్టు, చిల్లర మళ్ళీ అదే దారిన తిరిగి వచ్చేవి. "మధ్యలో ఎవరూ నొక్కేసేవారు కాదా?" అని అడిగాను. మావాడు పక్క సీటులోని పెద్దావిడకు నా ప్రశ్న అనువదించాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అయిదు కోపెక్కులకా?" అంది. తరవాత స్టాపు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

మధ్యాహ్నం స్తొలోవయ అనే భోజనశాలలో తిన్నాం. ట్రే పట్టుకుని వరసలో నడుస్తూ కావలసినవి చూపించాలి. బీట్‌రూట్ పులుసు, గ్రేచ్కా అనే ఒక గింజల అన్నం, కట్లెట్, ఎండు పళ్ళు ఉడకబెట్టిన తియ్యటి నీళ్ళు. 430 రూబుళ్ళయింది. అన్నింటి మీదా సోయికూర చల్లారు. వాళ్ళకది మన కరివేపాకు లాంటిది కాబోలు, కాకపోతే మనం తీసి పక్కన పెడతాం, వాళ్ళు నమిలేస్తారు. గ్రేచ్కాలో నేను తెచ్చుకున్న కందిపొడి కలుపుకున్నాను. బ్రహ్మాండంగా ఉంది. ట్రేలు తీసే అమ్మాయి ఆ డబ్బా వాసన చూసి మూడుసార్లు తుమ్మింది.

సెప్టెంబర్ 10, బుధవారం – మార్యినా రోషా

మావాడికి ఆఫీసు. నేనొక్కణ్ణే బయలుదేరాను. మెట్రో దిగి పొరపాటున ఎదురు దిక్కుకు నడిచాను. అరగంట తరవాత ఒక పూల దుకాణం దగ్గర తేలాను. కాగితం మీద రాసుకున్న చిరునామా చూపిస్తే, దుకాణంలోని ముసలాయన తలుపు మూసి, నాతో పాటు రెండు వీధులు నడిచి, మలుపు దగ్గర వేలు చూపించి వెనక్కి వెళ్ళిపోయాడు. నవ్వలేదు, చేయి ఊపలేదు. ఇక్కడివాళ్ళు ముఖంతో మర్యాద చేయరు, కాళ్ళతో చేస్తారు.

నేను వెతికింది బఖ్మేతెవ్ గ్యారేజీ. 1924 ఆగస్టులో మాస్కోలో మొదటి బస్సు మార్గం మొదలైంది, ఎనిమిది లేలాండ్ బస్సులతో. అవి ఇంగ్లండు నుంచి తెప్పించినవి. లేలాండ్ అన్న పేరు చదవగానే నాకు చుట్టం ఇంటికి వచ్చినట్టు అనిపించింది. నా ఉద్యోగమంతా అశోక్ లేలాండ్ ఇంజన్ల దగ్గరే గడిచింది. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టినప్పుడు ఆల్బియన్‌లు కొన్నది. ఆ ఆల్బియన్ కంపెనీ కూడా తరవాత లేలాండ్‌లోనే కలిసిపోయింది.

ఆ లేలాండ్‌లు పెట్టుకోవడానికి కట్టిన కొట్టమిది. గీసినవాడు కాన్‌స్తంతీన్ మేల్నికొవ్, పైకప్పు ఇనుప దూలాల లెక్క వ్లదీమిర్ షూఖొవ్‌ది. ఇప్పుడు లోపల యూదుల చరిత్ర మ్యూజియం ఉంది, 2012 నుంచి. జనం లోపలి తెరలు చూస్తున్నారు. నేను మెడ ఎత్తి కప్పు చూస్తున్నాను. అంత వెడల్పు కొట్టంలో స్తంభాలు ఎన్నో లేవు. ఇనుము సన్నగా, జల్లెడలా ఉంది. నేల నలుచదరం కాదు, పక్కకు వాలిన పెట్టెలా ఉంటుంది. ఎందుకో గ్యారేజీవాడికి చెప్పనక్కరలేదు. బస్సు ఒకవైపునుంచి వచ్చి, ఏటవాలుగా తన చోట ఆగి, రెండో వైపునుంచి వెళ్ళిపోవాలి. రివర్సు గేరు అవసరమే రాకూడదు. మా డిపోలో రాత్రి పదకొండు గంటలకు ఒక్క బస్సు వెనక్కి తీయాలంటే ఈల వేసేవాడు ఒకడు, బూతులు తిట్టేవాళ్ళు నలుగురు. 1927లోనే ఎవరో ఈ బాధ గురించి ఆలోచించారని తెలిసి మనసుకు హాయిగా అనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు క్యాబేజీ కూరిన పిరొష్కీలు రెండు కొన్నాను, 140 రూబుళ్ళు. మన పునుగులకు దూరపు బంధువులు. ఒకటి కొరికాక ఉప్పు గుర్తొచ్చింది, రెండోది తిన్నాక మరిచిపోయాను.

సెప్టెంబర్ 11, గురువారం – జిల్

మాస్కో రింగు రైల్లో జిల్ అనే స్టేషన్ ఉంది. ఆ పేరుతో ఒకప్పుడు బ్రహ్మాండమైన కర్మాగారం ఉండేది. లారీలు, నాయకుల కార్లు, బస్సులు అక్కడే తయారయ్యేవి. ఇప్పుడు అన్నీ అపార్ట్‌మెంట్లు, పిల్లల ఉయ్యాలలు, కాఫీ దుకాణాలు. ఒక కాఫీ 310 రూబుళ్ళు. తాగలేదు.

చూడటానికి ఏమీ లేని చోటికి ఎందుకు వెళ్ళానంటే, నా పసుపు బస్సు కథకు వేరు ఇక్కడుంది. యుద్ధం అయిపోగానే, 1946లో, ఇక్కడ జిస్-154 అనే బస్సు చేశారు (అప్పట్లో ఈ కర్మాగారం పేరు జిస్). డీజిల్ ఇంజను జనరేటరును తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటారు చక్రాలను తిప్పుతుంది. క్లచ్ లేదు, గేర్లు లేవు. ఈ రోజు హైబ్రిడ్ అంటూ గొప్పగా చెప్పుకునేది దాదాపు అదే. కాని ఆలోచన ముందే వచ్చింది, ఇంజను మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. పొగ, చప్పుడు, తరచూ మరమ్మతులు. 1,165 బస్సులు చేసి 1950లో ఆపేశారు. తరవాత వచ్చినవన్నీ బుద్ధిగా పెట్రోలు ఇంజను, మామూలు క్లచ్ ఉన్నవే. 1957లో వచ్చిన జిల్-158 కూడా అంతే. దాని క్లచ్ అయితే త్వరగా అరిగిపోయి డ్రైవర్లను ఏడిపించిందని చెబుతారు.

క్లచ్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. మా తమ్ముడు, అంటే మావాడి నాన్న, 28 ఏళ్ళు సిటీ సర్వీసు నడిపాడు. స్టాపుకు నాలుగు గేర్లు, సిగ్నల్‌కు నాలుగు గేర్లు. రోజుకు ఎన్ని వందల సార్లు ఎడమ కాలు తొక్కాడో వాడికే తెలియదు. యాభై ఏళ్ళు దాటేసరికి ఎడమ మోకాలు పోయింది. ఇప్పుడు మెట్లు ఎక్కాలంటే కుడికాలు ముందు వేసి, ఎడమకాలును వెనకనుంచి లాక్కుంటాడు. కుడికాలు మాత్రం ఇంకా కుర్రకాలు. ఒకే మనిషికి రెండు వయసుల కాళ్ళు. డ్రైవర్ల వీధికి వెళ్ళి చూడండి, సగం మంది ఇలాగే నడుస్తారు.

సాయంత్రం మావాడితో ఇదంతా చెబితే, వాడు రింగు రైలు కిటికీలోంచి చూస్తూ "నాకు తెలుసులే పెదనాన్నా" అన్నాడు.

సెప్టెంబర్ 12, శుక్రవారం – ఒరేఖొవొ-జూయెవొ

మావాడు రెండు రోజులు సెలవు పెట్టాడు. మాస్కోలోని కూర్స్క్ స్టేషన్ నుంచి ఎలెక్ట్రీచ్కా, అంటే లోకల్ రైలు. 90 కిలోమీటర్లు, దాదాపు రెండు గంటలు. రైల్లో అమ్మకందార్లు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. సాక్సులు, టార్చిలైట్లు, క్యారెట్ చెక్కే కత్తి. కత్తివాడు అందరి ముందూ ఒక క్యారెట్ చెక్కి చూపించాడు. గుంటూరు ప్యాసింజర్లో ఉన్నట్టే ఉంది, పల్లీలు తప్ప.

ఈ ఊరు బట్టల మిల్లుల ఊరు. మొరోజొవ్ అనే కుటుంబానివి. ఎర్ర ఇటుకల కూలీల బ్యారక్‌లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, కొన్నింట్లో కాపురాలు కూడా ఉన్నాయి. 1885 జనవరిలో ఇక్కడ వేల మంది సమ్మె చేశారు. కారణం జరిమానాలు. ఆలస్యానికి జరిమానా, నూలు తెగితే జరిమానా, అలా జీతంలో పావు వంతు దాకా పోయేదట. మరుసటి ఏడాది జరిమానాలకు హద్దు పెడుతూ చట్టం వచ్చింది.

బజారు పక్కన ముసలమ్మలు నేల మీద గుడ్డ పరిచి కూర్చున్నారు. అంతొనొవ్కా ఆపిళ్ళు, ఉప్పులో నానిన దోసకాయలు, అడవిలో ఏరిన పుట్టగొడుగులు. ఒక బకెట్ ఆపిళ్ళు 200 అంది ఒకామె. మాకు బకెట్ వద్దు, నాలుగు చాలన్నాం. నాలుగు ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. మేము నాలుగడుగులు వేశాక పిలిచి, ఇంకో రెండు చేతిలో పెట్టింది. పుల్లగా, చెవులు ముడుచుకుపోయేంత పుల్లగా ఉన్నాయి. పప్పులో వేసుకోవలసిన కాయ.

రాత్రి బస ఒక చిన్న హోటల్లో. 2,600 రూబుళ్ళు, వేడినీళ్ళు లేవు. పైపులు బాగు చేస్తున్నాం అన్నారు. ఉదయం కెటిల్‌లో కాచుకుని స్నానం చేశాను. ఎనిమిది కెటిళ్ళు పట్టింది.

సెప్టెంబర్ 13, శనివారం – లికినొ-దూల్యొవొ

లియాజ్ కర్మాగారం ఉన్న ఊరు ఇదే. పేరులోనే రెండు ఊళ్ళున్నాయని గ్రహించి ఉండాల్సింది. 1930లో లికినొ, దూల్యొవొ కలిపి ఒక ఊరు చేశారు. మేము దిగాల్సింది బస్సుల వైపు, దిగింది పింగాణీ వైపు. 1832లో పుట్టిన పింగాణీ కర్మాగారం అక్కడుంది. వచ్చినందుకు దాని దుకాణంలోకి వెళ్ళాం. కప్పుల మీద పెద్ద పెద్ద గులాబీలు. కుంచెను ఒకే ఒక్క ఒత్తు ఒత్తి తీస్తే ఒక రేకు. గీతతో అంచు గీయరు, దిద్దరు. అగాష్కి అంటారు ఈ పూలను. దగ్గరగా పెట్టి చూస్తే రేకు మొదట్లో రంగు చిక్కగా, కొసన నీళ్ళలా పలచగా ఉంటుంది. మా అమ్మ ముగ్గు పిండి వదిలే తీరు గుర్తొచ్చింది. మా ఆవిడకు ఒక కప్పు, సాసరు కొన్నాను, 640 రూబుళ్ళు. దారి తప్పినందుకు ఈ యాత్ర మొత్తంలో ఇంట్లో మెప్పు పొందిన ఖర్చు ఇదొక్కటే.

అక్కడినుంచి లికినొ వైపుకు నడిచాం. కర్మాగారం గేటు దాకానే వెళ్ళగలిగాం. లోపలికి అనుమతి లేదు, అడగడం కూడా అనవసరమన్నాడు కాపలాదారు. కంచె వెనక కొత్త బస్సులు వరసగా, ఇంకా నంబర్లు లేకుండా నిలబడి ఉన్నాయి. గేటు ఎదురు బెంచీ మీద కూర్చుని, థర్మాస్‌లో టీ తాగుతూ మావాడికి కథ చెప్పాను.

1930లలో ఇది కర్రల కార్ఖానా. కలపను నొక్కి గట్టిపరిచి ఇచ్చేవారు. యుద్ధ కాలం నుంచి యంత్రాల పని మొదలైంది, అడవుల్లో వాడే రంపాలు, చెట్ల బెరడు తీసే యంత్రాలు. మాస్కోలోని జిల్‌కు లారీల పనే తలకు మించినది కావడంతో బస్సుల పనిని ఇక్కడికి పంపేశారు. 1959 జనవరిలో రంపాలు చేసిన చేతులు మొదటి బస్సు చేశాయి. అది జిల్ వారి 158 బస్సే, నకలు. ఎరువు తెచ్చుకున్న బస్సుతో ఎంతకాలమని, 1962లో సొంత బస్సు గీయడం మొదలుపెట్టారు. అదే 677.

అనుభవం లేనివాళ్ళు కాబట్టి భయం కూడా లేదనుకుంటాను. లేకపోతే మొదటి సొంత బస్సులోనే అన్నీ కొత్తవి పెట్టరు. ఆటోమేటిక్ గేరుబాక్సు, గాలి సంచుల సస్పెన్షన్, పవర్ స్టీరింగ్. గేరుబాక్సు ల్వీవ్ బస్సు కర్మాగారం, మాస్కోలోని నామీ పరిశోధన సంస్థ కలిసి చేసినది. ఇంజను మాత్రం తగినది దొరకలేదు. సిటీ బస్సుకు సరిపోయే డీజిల్ ఇంజను అప్పుడు ఆ దేశంలో లేదు. ఉరాల్ అనే సైన్యం లారీలో వాడే పెట్రోలు ఇంజను తెచ్చి బిగించారు. ఎనిమిది సిలిండర్లు, ఏడు లీటర్లు, 180 గుర్రాల బలం. తాగుడు కూడా గుర్రాలదే. వంద కిలోమీటర్లకు 50 లీటర్ల పైనే.

ఆర్టీసీవాడికి ఈ మాట చెప్పకూడదు. మా దగ్గర కేఎంపీఎల్ అంటే దేవుడి పేరు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందన్నదే డ్రైవరు జాతకం, మెకానిక్కు జాతకం. అయిదు దాటితే బహుమతి, తగ్గితే మెమో. ఈ బస్సు లీటరుకు రెండు. ఇది గనక మా డిపోలో ఉంటే నేను ఉద్యోగం మానేసి వ్యవసాయం చేసుకునేవాణ్ణి.

1967లో ఉత్పత్తి మొదలైంది. 1972లో జర్మనీలోని లైప్‌జిగ్ వాణిజ్య సంతలో బంగారు పతకం వచ్చింది. 1978 నుంచి మార్పులు చేసిన 677ఎమ్. ఇరవై ఏడేళ్ళలో 1,94,000కు పైగా చేశారు. అదే కాలంలో హంగరీ నుంచి ఇకారస్ డీజిల్ బస్సులు కూడా లక్షకు పైగా వచ్చాయి, కాని సోవియట్ ఊళ్ళలో సామాన్యుడి బస్సు ఇదే. 1985లో దీని వారసుడు 5256 సిద్ధమైంది, వెనకవైపు కమాజ్ డీజిల్ ఇంజనుతో. అయినా 677 మాత్రం 1994 దాకా గేటు దాటి వస్తూనే ఉంది. పెట్రోలు నీళ్ళ ధరకు దొరికినంత కాలం ఎవరికీ బెంగ లేదు. దేశం మారింది, పెట్రోలుకు నిజమైన ధర వచ్చింది, బస్సు కథ ముగిసింది.

"మరి మంచి బస్సా, చెడ్డ బస్సా?" అని అడిగాడు మావాడు.

"ఎవరికి?" అన్నాను.

జనం దీనికి పెట్టిన పేర్లు వాడే చదివి వినిపించాడు. పశువుల బండి, గోదాము, లునొఖోద్, అంటే చంద్రుడి మీద తిరిగిన ఆ బండి పేరు. ఇంకొకటి సీసాల బండి. చివరిది ఎందుకో అప్పటికి మాకు అర్థం కాలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం – ఊరి బయట షెడ్డు

మావాడి ఆఫీసు డ్రైవరుకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గర నడిచే 677ఎమ్ ఉందని మాట. పదేళ్ళు పైగా ఇదే బస్సు నడిపి, తరవాత ఎక్కడో తోట చివర తుప్పు పడుతున్న ఒకదాన్ని కొని, ఎనిమిదేళ్ళు బాగు చేసుకున్నాడట. చేతులు ఊపుకుంటూ వెళ్ళకూడదని మావాడు ఒక కేకు, ఆయన భార్యకు అయిదు పూలు కొన్నాడు. పూలు బేసి సంఖ్యలోనే ఇవ్వాలి. సరిసంఖ్య చనిపోయినవారికి.

తలుపు దగ్గర నేను చేయి చాపాను. ఆయన చేయి వెనక్కి లాక్కుని, నన్ను భుజం పట్టి లోపలికి లాగి, అప్పుడు చేయి కలిపాడు. గడప మీద చేయి కలిపితే తగాదాలొస్తాయట. మా ఇంట్లోనూ గడప అవతలనుంచి ఏదీ ఇవ్వనివ్వరని చెప్పించాను. ఆయన భార్య వంటింట్లోంచి ఏదో అంది. "విన్నావా, భారతదేశంలో కూడా అంతే అంటున్నారు" అని ఆయనతో అన్నదట. చెప్పులు విప్పాక తొడుక్కోవడానికి మెత్తటి చెప్పులు ఇచ్చారు. నావి పూల డిజైనువి. పన్నీరులాంటి దానితో చేసిన సిర్నికీ అనే చిన్న అట్లు, మీగడ, రేగు జామ్ పెట్టారు. ఆరు తిన్నాను. ఏడోది వద్దంటే ఆవిడ బాధపడినట్టు కనిపించి అదీ తిన్నాను.

షెడ్డు తలుపు తీశారు.

పసుపు. గుడ్డు సొనలాంటి పసుపు. అట్ట మీద చూసినదానికంటే పెద్దది. పదిన్నర మీటర్ల పొడవు, రెండు పెద్ద మడత తలుపులు. 25 సీట్లే, మిగతాదంతా నిలబడే చోటు, వెనక కిటికీ దగ్గర అరుగంత ఖాళీ. పశువుల బండి అని ఎందుకన్నారో అర్థమైంది. నూటపది మందిని ఎక్కించవచ్చని లెక్క, ఎక్కేవాళ్ళు మాత్రం లెక్క చూసుకోరు.

నాకు రష్యన్ రాదు, ఆయనకు తెలుగు రాదు. మావాడికి రెండూ వచ్చు గాని బస్సు భాష రాదు. ఇంజను మూత తీశాక వాడి అవసరమే లేకపోయింది. కార్బ్యురాతర్ అన్నాడాయన, కార్బ్యురేటర్ అన్నాను నేను. కంప్రెసర్, కార్దాన్, రదియాతర్. బస్సు ఎక్కడ పుట్టినా దాని అవయవాలకు పేర్లు ఒకటే. మనలాగే ఇంజను ముందువైపు, డ్రైవరు పక్కనే. కింద చూపించాడు. కమాను పట్టీలు, వాటితో పాటు మేము బెల్లోస్ అనే గాలి సంచులు. జనం ఎక్కేకొద్దీ వాల్వు తెరుచుకుని గాలి నిండుతుంది, బస్సు ఎత్తు మారదు. గాలి సంచుల మీద నడిచే బస్సు మా డిపోలో నేను చూసేసరికి కొత్త శతాబ్దం వచ్చేసింది. ఒక సంచికి సైకిల్ ట్యూబులా అతుకు వేసి ఉంది. నేను వేలు పెట్టి చూపిస్తే, విడిభాగాలు దొరకవన్నట్టు చేతులు తిప్పాడు. అతుకు చుట్టూ అంచు నున్నగా, ఒక్క బుడగ లేకుండా ఉంది. మంచి చేయి.

స్టార్ట్ చేశాడు. ఇంజను లయలో పడగానే కిందినుంచి గలగలమని చప్పుడు. పెట్టెలో ఖాళీ సోడా సీసాలు వేసుకుని రిక్షా గతుకుల్లో వెళుతున్నట్టు. మావాడు, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. సీసాల బండి! ఆయన గేరుబాక్సు వైపు వేలు చూపించి గర్వంగా తల ఊపాడు. బ్రేకు వదిలి కదిలాడు. కుదుపు లేదు. తోట దారిలో పడవలా ఊగుతూ వెళ్ళింది, కాస్త వేగం అందుకోగానే ఎక్కడో లోపల ఒక నిట్టూర్పు. అదే గేరు మారడం. ఉన్నవి రెండే గేర్లు, మారేది ఒక్కసారే. ఇంజను రేడియేటర్ వేడిని గొట్టాలతో లోపలికే పంపిస్తుంది కాబట్టి చలికాలం ఈ బస్సు కోసం జనం వేరే బస్సులు వదిలేసేవారని చెప్పాడు. చలి బాగా ముదిరిన రాత్రుల్లో డిపోలో ఇంజన్లు ఆపేవారే కాదట, ఆపితే ఉదయం మళ్ళీ లేవవని. ఎంత పెట్రోలు పోయేదని అడిగాను. దానికి జవాబు చెప్పలేదు. నవ్వాడు.

తోట చివర బండి ఆపి, మావాణ్ణి సీట్లో కూర్చోమన్నాడు. వాడు వద్దు వద్దంటూనే కూర్చున్నాడు. కుర్రతనంలో వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నవాడే. కుడికాలు బ్రేకు మీద పెట్టాడు. ఎడమకాలు ముందుకు చాపి, గాలిలో వెతుకుతోంది. ఏమీ లేదు అక్కడ. ఉన్నవి రెండే పెడళ్ళు. కాసేపు ఆ కాలు అలాగే గాలిలో ఉంది. తరవాత నేల మీద పెట్టి, జేబులోంచి ఫోను తీసి వీడియో కాల్ చేశాడు.

"నాన్నా, ఇది చూడు" అని ఫోను కిందికి తిప్పి పెడళ్ళు చూపించాడు.

విజయవాడలో మా తమ్ముడు కళ్ళజోడు కోసం వెతుక్కోవడం వినిపించింది. చూశాడు. "క్లచ్ ఏదిరా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"ఎప్పటి బండి అది?"

"పెదనాన్న ఉద్యోగంలో చేరకముందునుంచే చేస్తున్నారట."

అవతలనుంచి కాసేపు మాట లేదు. పెద్దాయన ఫోనులోకి తొంగి చూసి, విషయం అడిగి తెలుసుకుని, తన ఎడమ మోకాలి మీద అరచేత్తో చరుచుకుని, అక్కడే రెండుసార్లు గుంజీలు తీసి చూపించాడు. డెబ్భై దాటిన మనిషి. మా తమ్ముడు నవ్వాడు, తరవాత నాతో, "దాని మైలేజీ ఎంతో కనుక్కో అన్నయ్యా" అన్నాడు. చెప్పాను. "అయితే మనకు ఇవ్వరులే" అని ఫోను పెట్టేశాడు.

షెడ్డుకు తిరిగి వచ్చాక ఇంజను ఆపి, దిగబోతున్న మమ్మల్ని ఆయన ఆపాడు. ప్రయాణానికి ముందు ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోవాలట. ఆవిడ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి బస్సులోనే కూర్చుంది. నలుగురం నాలుగు సీట్లలో కూర్చున్నాం. ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.

నిమిషం అయ్యాక ఆయన టికెట్టు డబ్బా దగ్గరికి వెళ్ళాడు. పాత చుట్ట ఇంకా ఉంది. కాగితం టీ రంగుకు మారింది. పెద్దవాణ్ణి కాబట్టి మొదటిది నాకు చింపి ఇచ్చాడు. 482553. ముందు మూడు అంకెలు, వెనక మూడు అంకెలు కూడితే సమానం రావాలి, అది అదృష్టపు టికెట్టు. వేళ్ళ మీద కూడి చూశాను. 14, 13. ఒకటి తక్కువ. ఆయన నాలుక చప్పరించి, తరవాతిది మావాడికి ఇచ్చాడు. 482554.

"దాన్నిప్పుడు తినాలి" అన్నాడట ఆయన. సోవియట్ పిల్లలంతా తినేవారట, తింటేనే అదృష్టం లోపలికి వెళుతుందని.

మావాడు నలభై ఏళ్ళ నాటి కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "పెదనాన్నా, నిజంగా మింగాలా?"

"వాళ్ళింటికి వచ్చాం. పెట్టింది తినాలి" అన్నాను.

ముసలాయన, ఆయన భార్య కదలకుండా వాడి నోటివైపే చూస్తున్నారు. మావాడు టికెట్టును నాలుగు మడతలు పెట్టి, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాడు. ఆవిడ అప్పటికే మంచినీళ్ళు తేవడానికి లేచింది.